కంచె దగ్గర అప్పజెప్పిన కవిత

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి క్యాటరింగ్ వాళ్లు ట్రేల మీది రేకు మూతలు తీశారు. సిడ్నీ శివార్లలో, కెల్లీవిల్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే హాలు అది. నాన్న పోయి పదకొండు రోజులైంది. జనం ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. గుత్తి వంకాయ నూనె వాసన, పులిహోరలో ఇంగువ వాసన, ఎవరో పూసుకొచ్చిన సెంటు వాసన కలిసి హాలంతా పట్టేశాయి. అప్పుడే డాక్టర్ అంకుల్ మైకు అందుకున్నాడు. నాన్నకి కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటికి వస్తూ పోతూ ఉన్న మనిషి.

"మావాడికి ప్రాణం లాంటి కవిత ఒకటుంది. అది చదివి వాణ్ణి సాగనంపుదాం," అన్నాడు. కళ్లజోడు తీసి, తడి లేని కళ్లు తుడుచుకుని మొదలుపెట్టాడు.

గోధుమ కంకి తల వంచేది
బరువుకే గాని భయానికి కాదు.

జనం చెంచాలు ఆపి విన్నారు. చివర్లో చప్పట్లు కొట్టబోయి, ఎక్కడున్నారో గుర్తొచ్చి మానుకున్నారు. నేను ప్లేటు కింద పెట్టేశాను.  కాసేపు కార్ పార్కులో నిలబడి వచ్చి ఆయన దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయన పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటున్నాడు.

"అంకుల్, నాన్న ఆ కవిత చదవడం ఎప్పుడో మానేశాడు."

"మానెయ్యడమేంటమ్మా? అది మీ నాన్న సిగ్నేచర్ పీస్ కదా. ఎప్పుడు మానేశాడు?"

"నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు. మీ ముందే చెప్పాడు, ఇక చదవనని."

ఆయన చెయ్యి ఆపి నిజంగానే ఆలోచించాడు. "నాకు గుర్తు లేదమ్మా. అయినా ఎవ్రీబడీ లైక్డ్ ఇట్. మా అల్లుడు రికార్డ్ చేశాడు, వాట్సాప్‌లో పెడతాలే. నువ్వేం తిన్నట్టు లేవు. పెరుగన్నమైనా తిను తల్లీ."

నటిస్తున్నాడేమో అని ఆయన మొహం చూశాను. నటన కాదు, మర్చిపోయాడు. నటన అయితే ఇంత అసహ్యం వేసేది కాదు.

ఆయన మర్చిపోయిన ఆదివారం నాకు బాగా గుర్తుంది.

అప్పుడు మేం హారిస్ పార్క్‌లో, రైలు పట్టాలకి దగ్గరగా ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ వరసగా ఉన్న మిఠాయి కొట్లు, దోసె హోటళ్లు అప్పుడు లేవు. కందిపప్పు కోసం నాన్న రెండు రైళ్లు మారి వెళ్లేవాడు. ఫైబ్రో అనే పల్చటి సిమెంటు రేకుల గోడల ఇల్లు. వేసవిలో పెనం మీద ఉన్నట్టుండేది, చలికాలంలో గోడకి వీపు ఆనిస్తే వణుకొచ్చేది. ముందు గదిలో నాన్న పుస్తకాల బీరువా. అందులో సగం మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలే. వచ్చేటప్పుడు బట్టలు తగ్గించుకుని వాటిని మోసుకొచ్చాడని అమ్మ దెప్పేది. "రెండు చొక్కాలూ, ఇరవై కిలోల రష్యా తెచ్చుకున్నారు మీ నాన్న," అనేది ఇంటికి ఎవరొచ్చినా.

ఆ పుస్తకాలకి ఒక వాసన ఉండేది. జిగురు, నున్నటి కాగితం, ఇంకేదో మందు కలిసిన వాసన. ఆ రోజుల్లో తెలుగునాట చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నేను అక్షరాలు కూడబలుక్కున్నది వాటి మీదే. మంచు, ఎలుగుబంట్లు, పొగలు కక్కే టీ. అమ్మమ్మ ఊరు చూడకముందే నాకు సైబీరియా తెలుసు. ఆ బొమ్మల్లో అక్కడ అందరూ నవ్వుతూ చెట్లు నరికేవాళ్లు.

నాన్న పార్టీ మనిషి కాదు. రైల్వేలో సిగ్నళ్ల ఇంజనీరు. కానీ కాలేజీలో ఉండగా ఫీజుల సమ్మెలో పోలీసులు పట్టుకెళ్లి స్టేషన్లో పెట్టారట. తోటివాళ్లు ఏడుస్తుంటే నాన్న ఆ గోధుమ కంకి కవిత గట్టిగా చదివాడట. సెంట్రీ లాఠీతో ఊచల మీద కొట్టినా ఆపలేదట. ఆ ఊచల వెనక డాక్టర్ అంకుల్ కూడా ఉన్నాడు. ఏడ్చినవాళ్లలో తనూ ఉన్నానని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. జీవితంలో తను ధైర్యంగా ఉన్నది ఆ ఒక్కసారేనని నాన్న అంటుండేవాడు. ఆ తర్వాత ఉద్యోగం, వీసా, ఇల్లు. ఆ ధైర్యానికి నాన్న దగ్గర మిగిలిన గుర్తు ఆ కవిత ఒక్కటే. దాన్ని రాసిన ఉక్రేనియన్ కవి పేరు, తండ్రి పేరుతో సహా, పూజలో గోత్రం చెప్పినట్టు చెప్పేవాడు. ప్రతి ఆదివారం మా ముందు గదిలో నాలుగైదు తెలుగు కుటుంబాలు చేరేవి. బీర్లు, పకోడీలు, పాటలు, పద్యాలు అయ్యాక చివర్లో "ఊఁ, కంకి కానివ్వరా" అనేవాడు డాక్టర్ అంకుల్. నాన్న లేచి నిలబడేవాడు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడదీ ఉక్రెయిన్. యుద్ధంలో జర్మన్లు పనికోసం పట్టుకుపోతే, యుద్ధం ముగిశాక ఓడెక్కి సిడ్నీ చేరింది. ఇక్కడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ దొడ్లో బీట్‌రూట్, ఉల్లికాడలు, సోంపు ఆకులాంటి సన్నటి ఆకు ఒకటి, పుల్లటి ఆకు ఒకటి ఉండేవి. ఆ పుల్లటి ఆకు నేను కంచె సందులోంచి చెయ్యి పెట్టి కోసి, ఉప్పూ కారం అద్దుకుని, నిమ్మచెట్టు వెనక కూర్చుని తినేదాన్ని. ఒకరోజు అమ్మ నా నోరు వాసన చూసి, చేతిలో మిగిలిన ఆకు తనూ నమిలింది. 

"ఇది చుక్కకూరే. ఆకు కాస్త పొడుగు, అంతే," అంది.

ఆ సాయంత్రం దొంగతనం చేశానని నాచేత చెప్పించడానికే తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఒడి నిండా కూర తెచ్చుకుంది. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం కావడంతో వాళ్ల స్నేహం బాగా కుదిరింది. ఆవిడ ఆ ఆకుతో చారులాంటిది కాచి, గుడ్డు ముక్కలు వేసి పంపేది. అమ్మ గుడ్డు తీసి నాకు పెట్టి, చారు పోపు పెట్టుకుని తాగేది.

ఆవిడ తమ్ముణ్ణి అక్కడి ప్రభుత్వం వదిలిపెట్టిందని, ఇక్కడికి వస్తున్నాడని ఒకరోజు కంచె దగ్గర చెప్పింది. అమ్మ ఆ మాట కాఫీతోపాటు నాన్నకి అందించింది.

"ఆవిడ తమ్ముడు కవిట. కవితలు రాసినందుకు జైల్లో పెట్టారట, చలిదేశంలో."

"కవితలకి అక్కడ ఎవరూ జైల్లో పెట్టరు. కవులకి ఇళ్లిస్తారు. ఇంకేదో చేసుంటాడు."

"మిమ్మల్ని పెట్టలేదా మన దగ్గర?"

"అది వేరు."

"ఏం వేరు?"

నాన్న పేపరు తిప్పాడు. నాన్న దగ్గర జవాబు లేనప్పుడు పేపరు ఉండేది.

ఆంటీ తమ్ముడు వచ్చాడు. సన్నటి మనిషి. వేసుకున్న కోటు ఎవరిదో. పళ్లు సగం లేవు. భోజనం అయ్యాక బల్ల మీద రాలిన రొట్టె పొడిని అరచేతి అంచుతో దగ్గరికి తీసి, అరచేతిలోకి దులుపుకుని, నోట్లో వేసుకునేవాడు. ఒక్క రవ్వ మిగిలేది కాదు. ఆంటీ ఇంట్లో చూసొచ్చి నేనూ మా బల్ల మీద పూరీ పొడితో అలాగే చేసి నవ్వాను. అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. 

పొద్దున్నే దొడ్లో అటూ ఇటూ నడిచేవాడు. దొడ్డి పొడుగ్గా ఉన్నా కొంతదూరం వెళ్లి వెనక్కి తిరిగేవాడు, అక్కడేదో గోడ ఉన్నట్టు. నడుస్తున్నంతసేపూ పెదాలు కదిలేవి. దేవుడి స్తోత్రం అనుకున్నాను. ఆంటీ చెప్పింది, తలలో ఉన్న కవితలు పోకుండా రోజూ చదువుకుంటాడని. కాగితం మీద పెట్టడట. అక్కడ కాగితం మీద పెట్టినవన్నీ తీసుకుపోయారట.

అమ్మే పట్టుబట్టి ఆదివారం భోజనానికి ఇద్దర్నీ పిలిపించింది. నాన్న మొదట గొణిగినా, శనివారానికి ఉత్సాహపడ్డాడు. ఎక్కడో ఆంధ్రాలో వాళ్ల దేశపు కవితని తెలుగులో నోటికి నేర్చుకున్నారని తెలిస్తే ఆ మనిషి ఎంత సంతోషిస్తాడో అని. బీరువాలోంచి పుస్తకం తీసి, తప్పులు రాకుండా ఒకసారి చూసుకున్నాడు కూడా. మనస్ఫూర్తిగానే చేశాడు. అది చెప్పాలి.

ఆంటీ బంగాళదుంప కూరిన ఉడికించిన కజ్జికాయల్లాంటివి తెచ్చింది. అమ్మ చుక్కకూర పప్పు చేసింది, ఆంటీ దొడ్డి ఆకుతోనే. డాక్టర్ అంకుల్ వాళ్లూ, మిగతావాళ్లూ ఎప్పటిలాగే వచ్చారు. ఆంటీ తమ్ముడు అన్నం చెంచాతో, చాలా నెమ్మదిగా, తల ఎత్తకుండా తిన్నాడు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక గదిలో అందరూ క్రికెట్ మాట్లాడారు.

అప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషులో, ఇది మీ దేశపు మహాకవి రాసింది, మా భాషలో మేం దీన్ని గుండెల్లో పెట్టుకున్నాం అని చెప్పి, కవి పేరు తండ్రి పేరుతో సహా పలికాడు.

ఆయన తల ఎత్తాడు.

నాన్న తెలుగులో చదివాడు. చదివి, మొదటి రెండు పంక్తులకీ ఇంగ్లీషులో అర్థం చెప్పాడు. ఆయన చెంచా పక్కన పెట్టి లేచాడు. మూడో పంక్తి తన భాషలో అందుకున్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. ఆయన ఆగలేదు. నాలుగో పంక్తి, ఐదో పంక్తి, చివరిదాకా, చూడకుండా, గొంతు పెంచకుండా చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాన్న వెళ్లి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"చూశావురా, మనవాడే," అన్నాడు డాక్టర్ అంకుల్, బీరు గ్లాసు ఎత్తి.

ఆంటీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. తమ్ముడి మొహం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"ఇది నా గదిలో రాశాడు. నా టీ తాగుతూ. మొదట విన్నది నేను. మంచి కవిత. తర్వాత, నా కేసులో, ఈయన నిపుణుడు."

"అంటే క్రిటిక్కా?" అన్నాడు నాన్న, చెయ్యి వదలకుండా.

"కోర్టుకి. మా దగ్గర కవితకి విచారణ ఉంటే, కోర్టు ఒక పెద్ద కవిని అడుగుతుంది. చదివి చెప్పు, ఇందులో ఏముంది అని. నా కవితలు ఈయన చదివాడు. రాసిచ్చాడు. చాలా బాగా రాశాడు, భాష తెలిసినవాడు కదా. నేను వెళ్లాను." ఎక్కడికో చెప్పలేదు. చేత్తో దూరంగా చూపించాడు.

 ఎవరి చెయ్యి ఎవరు వదిలారో నాకు తెలియదు, రెండు చేతులూ విడిపోవడం చూశాను.

"వీళ్లంతా ఇలాగే చెప్తార్రా. అమెరికావాడు డబ్బులిచ్చి నేర్పిస్తాడు," అన్నాడు డాక్టర్ అంకుల్ తెలుగులో, నవ్వుతూ. అతిథికి తెలియని భాషలో, అతిథి ముందు, అతిథి మొహం చూస్తూ నవ్వుతూ. కొందరు పెద్దవాళ్లు కూడా నవ్వారు. తర్వాత ఇంగ్లీషులో ఆయన్ని అడిగాడు. "ఇంతకీ మీరేం రాశారు సార్? బాంబులు చెయ్యడం ఎలాగో రాశారా?"

ఆయన దాన్ని మామూలు ప్రశ్నలాగే తీసుకున్నాడు. "మా ఊళ్లో అందరూ ఆకలితో చచ్చిపోయిన సంవత్సరం గురించి. గోధుమలు ఉన్నాయి. తీసుకుపోయారు. ఈయన రాసిచ్చాడు, ఈ కవితలో పంట గురించి అబద్ధం ఉంది అని."

"అలాంటిదేం జరగలేదండీ. మేం చాలా పుస్తకాలు చదివాం," అన్నాడు డాక్టర్ అంకుల్, బీరువా వైపు చెయ్యి చూపించి.

అప్పుడు ఆంటీ మాట్లాడింది. తన కంచంలో పప్పు వైపు వేలు చూపించింది. "అప్పుడు ఇది తిన్నాం. ఈ ఆకు. పప్పు లేదు. ఉప్పు లేదు. ఆకు. తర్వాత ఆకు కూడా లేదు. మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు." 

 నాన్నకి చెయ్యగలిగింది ఒకటే కనిపించింది కాబోలు, గరిటె తీసుకుని ఆవిడ కంచంలో ఇంకాస్త పప్పు వేశాడు. ఆవిడ వద్దనలేదు, తినలేదు. తమ్ముడు తన కంచం పక్కన పడ్డ మెతుకులు ఏరి నోట్లో వేసుకుని లేచాడు. అమ్మకి చేతులు జోడించాడు. మమ్మల్ని చూసి నేర్చుకున్నాడు. వాళ్లు వెళ్లాక గేటు పడిన చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే డాక్టర్ అంకుల్ ఐస్‌క్రీమ్ ఉందా అని అడిగాడు. ఆ ఐస్‌క్రీమ్ నేనే పంచాను. నాకు అప్పుడు తెలియదు గాని, అది అసహ్యం అని పిలవాల్సిన దానితో నా మొదటి పరిచయం.

అందరూ వెళ్లాక అమ్మ గిన్నెలు తోముతూ అంది. "మీరు ఒక్క మాట అనలేకపోయారా?"

"ఏమనను?"

"ఆయన్ని నోరు ముయ్యమని."

"వాడు నాతోపాటు లాకప్‌లో ఉన్నాడే."

"అయితే?"

నాన్న పేపరు కోసం చూశాడు. ఆ రోజు పేపరు కనిపించలేదు. వెళ్లి బీరువా ముందు నిలబడ్డాడు. కవిత ఉన్న పుస్తకం బల్ల మీద అలాగే తెరిచి ఉంది. కవి ఫొటో కూడా ఉంది. మంచి నుదురు, దయగల కళ్లు. ఎలా అచ్చేశారో ఆ కళ్లు.

మర్నాడు ఉద్యోగం నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా, నాన్న పుస్తకం పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. నేను నిమ్మచెట్టు వెనక ఉన్నాను. ఈసారి ఆకు కోసం కాదు.

"దీన్ని చించేస్తాను," అన్నాడు నాన్న.

"ఎందుకు? కవిత మంచిదే. చెడ్డ కవి అయితే నాకు తేలిగ్గా ఉండేది. నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు?"

నాన్న లాకప్ సంగతి చెప్పాడు. సెంట్రీ, లాఠీ, ఊచలు. చెబుతున్నప్పుడు ఎప్పుడూ వచ్చే ఊపు రాలేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే అది నీకు జైల్లో పనికొచ్చింది. నాకూ పనికొచ్చింది. వాడి కవితలు కూడా నాకు వచ్చు. అక్కడ చదువుకునేవాణ్ణి. నవ్వుకో. మనిద్దరం వాడి పాఠకులం."

నాన్న నవ్వలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని అన్నాడు. "మీది చెప్పండి. ఆకలి కవిత. తెలుగులో చేసుకుంటాను."

ఆయన ఒప్పుకున్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. కాగితం వద్దు. వాళ్ల ఖైదీల శిబిరంలో కవితలు ఒకరి నుంచి ఒకరికి వెళ్లిన పద్ధతిలోనే. రోజుకో పంక్తి చెప్తాడు. మర్నాడు ముందు నాన్న మొదటి నుంచి అప్పజెప్పాలి. ఎక్కడైనా తప్పితే ఆ రోజు కొత్త పంక్తి లేదు.

ఆ తర్వాతి ఆదివారం డాక్టర్ అంకుల్ ఎప్పటిలాగే "కంకి కానివ్వరా" అన్నాడు.

"ఇక చదవను," అన్నాడు నాన్న.

"ఏంట్రా, పక్కింటివాడు బ్రెయిన్‌వాష్ చేశాడా?"

"చదవను. నీకు వచ్చుగా. నువ్వు చదువుకో."

ఆయన నిజంగానే చదివాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నాన్న ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆ చలికాలంలో ఆదివారాలు పలచబడ్డాయి. ఒకళ్లకి పిల్లల స్విమ్మింగ్ క్లాసు, ఒకళ్లకి బార్బెక్యూ. డాక్టర్ అంకుల్ మాత్రం పండగలకి వచ్చేవాడు. నాన్న ఆయనతో స్నేహం మానలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. లాకప్‌లో ఏడ్చిన ఆ పిల్లాణ్ణి నాన్న ఎప్పుడూ వదల్లేకపోయాడనుకుంటాను.

కంచె దగ్గర పని మాత్రం సాగింది. నాన్న సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చేదాకా పెదాలు కదుపుతూ వచ్చేవాడు. అవతల ఆయన నడుస్తూ పెదాలు కదిపేవాడు. "కంచెకి అటొకరు, ఇటొకరు. నా ఖర్మ," అనేది అమ్మ, ఇద్దరికీ టీ పంపిస్తూ. ఆయన తన భాషలో పంక్తి చెప్పి, విరిగిన ఇంగ్లీషులో అర్థం చెప్పేవాడు. నాన్న తెలుగులో కట్టి, తిరిగి ఇంగ్లీషులో మాటకి మాట చెప్పాలి. మొదటి వారంలోనే గొడవ వచ్చింది. గడప అన్న చోట నాన్న పవిత్రమైన గడప అన్నాడు.

"పవిత్రమైన? నేను అనలేదు."

"మా దగ్గర గడపకి పసుపు రాస్తాం. పూజిస్తాం. అందుకని."

"మా దగ్గర గడప మీద నిలబడి చెయ్యి కలపం. అయినా నేను ఆ మాట పెట్టలేదు. తీసెయ్. అలాంటి మాట ఆ నిపుణుడు పెడతాడు."

నాన్న తీసేశాడు. అందమైన మాటల మీద నాకు ఉన్న అనుమానం అక్కడ మొదలైంది. వినీ వినీ నాకూ కొన్ని పంక్తులు వచ్చేశాయి.

అమ్మ గడప దగ్గర చీపురు నిలబెట్టింది.
ఊడ్వడానికి ఒక్క గింజ లేదు.
వచ్చినవాళ్లు పొయ్యి కింద మట్టి కూడా తవ్వారు.

కాగితం వద్దన్న మనిషి పోయాడు కాబట్టి ఈ మూడూ రాస్తున్నాను. చలికాలం చివర్లో ఆయన దొడ్లోనే పడిపోయాడు. ఆస్పత్రికి నాన్నే తీసుకెళ్లాడు. ఆయనకి మాట పడిపోయింది. నాన్న మంచం పక్కన కూర్చుని, వచ్చినంతవరకు తెలుగులో అప్పజెప్పాడు. ఆయన కళ్లు తెరిచి విన్నాడు. తప్పు వచ్చిందో లేదో చెప్పేందుకు ఆయనకి వీలు లేదు. కొత్త పంక్తి రాలేదు. కవిత ఇంకా ఎంత ఉందో నాన్నకి తెలియలేదు. ఆంటీని అడిగితే, ఆ కవిత తనకెప్పుడూ చెప్పలేదంది. ఆ సంవత్సరం గురించి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

తర్వాత ఆ దేశం విడిపోయింది. మిగిలిన ఆయన కవితలు కొన్ని దొరికి అచ్చయ్యాయి. ఆకలి కవిత వాటిలో లేదు. ఒక ఊళ్లో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. అదే ఊళ్లో అంతకన్నా పెద్ద వీధికి నిపుణుడి పేరు అప్పటికే ఉంది, దాన్ని తియ్యలేదు. నిపుణుడు ముసలితనంలో ఒక ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఇంటర్నెట్‌లో దొరికితే నాన్న అమ్మకి చదివి వినిపించాడు. పాత కేసుల గురించి అడిగితే, కాలం అలాంటిది అన్నాడట. అమ్మ కూరగాయల కత్తి పక్కన పెట్టి, "కాలం రాసిచ్చిందా?" అంది. ఇప్పుడు ఆ ఊరి మీద బాంబులు పడుతున్నాయి. రెండు వీధుల మీదా పడుతున్నాయి.

నాన్న ఆఖరి నెలల్లో ఆ సగం కవిత కూడా చెదిరిపోవడం మొదలైంది. గడప దాటి చీపురు దాకా వచ్చి ఆగిపోయేవాడు. "తర్వాత ఏంటమ్మా?" అనేవాడు. నాకు తెలిసినవి అందించేదాన్ని. నాకు తెలియనివి నాన్నతోనే పోయాయి. లాకప్‌లో చదివిన కవిత మాత్రం ఒక్క మాట పోలేదు. నిద్రలో ఒకసారి మొదటి పంక్తి నోట్లోంచి వచ్చింది. మెలకువ వచ్చి, నోరు చేత్తో తుడుచుకున్నాడు. తను ఒకప్పుడు ధైర్యంగా ఉన్నానన్న దానికి ఉన్న ఒకే ఒక్క గుర్తుని ఆ మనిషి అలా తుడుచుకున్నాడు. హాల్లో మైకు పట్టుకున్నవాళ్లకి అది తెలియదు.

కార్యక్రమం అయ్యాక, ఇంటికి వచ్చేటప్పుడు కారులో నా కూతురికి ఇదంతా చెప్పాను. యూనివర్సిటీకి వెళ్తోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. పూర్తిగా విన్నది, ఏడ్చింది కూడా. నాకు వచ్చిన మొదటి పంక్తి చెప్పి, రేపు నాకు అప్పజెప్పు అన్నాను.

"మా, జస్ట్ టెక్స్ట్ ఇట్ టు మీ," అంది. "ఐ వోంట్ లూజ్ ఇట్."

ఆ రాత్రే నాకు తెలిసినవన్నీ టైపు చేసి పంపాను. పోగొట్టుకోలేదు. ఫోన్లో ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఏదీ అప్పజెప్పరు.